మైనస్ ఒకటి కూడా జవాబే

ఆదివారం. రైతు బజారు నుంచి వచ్చి కూరగాయల సంచి దించానో లేదో, "నాన్నా, ఒకసారి రా" అని పాప పిలిచింది. ఆన్‌లైన్ లెక్కల హోంవర్కు రాత్రికల్లా పంపాలట. పది లెక్కలు, అన్నీ సంవర్గమానాలే. అంటే, ఆధారమనే సంఖ్యను ఏ ఘాతానికి పెంచితే ఇచ్చిన సంఖ్య వస్తుందో చెప్పేవి. తను లాగ్ అంటుంది. తెలుగు మాధ్యమంలో చదివిన నాకు సంవర్గమానమనే నోటికొస్తుంది.

మొదటి లెక్కలో ఆధారం 2. లాగ్ ఎక్స్, లాగ్ (ఎక్స్ − 2) కలిపితే 3. లాగ్‌లను కూడితే లోపలివి గుణించినట్టే, 2ను 3వ ఘాతానికి పెంచితే 8 కాబట్టి, ఎక్స్ (ఎక్స్ − 2) = 8 అని చకచకా రాసింది. 4, −2 వచ్చాయి. రెండూ టైపు చేసింది. ఎర్ర గుర్తు పడింది. ఎందుకు తప్పో ఆ తెర చెప్పదు. పిల్లలకు కావలసింది ఆ ఒక్క మాటే కదా!

"2ను ఏ ఘాతానికి పెంచితే −2 వస్తుంది తల్లీ?" అన్నాను. కాగితం మీద వేసుకుంటూ పోయింది. నాలుగు, రెండు, ఒకటి, అర, పావు, అరపావు... సున్నా దగ్గరకు వస్తుంది గానీ దాటదు. "అయితే మైనస్ వస్తే కొట్టేయాలి" అంది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. పాప దగ్గరే ఆగి ఉండవలసింది.

ఏడో లెక్క: లాగ్ (3 − ఎక్స్), లాగ్ (1 − ఎక్స్) కలిపి 3, ఆధారం మళ్లీ 2. జవాబులు 5, −1. మైనస్ ఒకటిని కొట్టేసి 5 పెట్టింది. మళ్లీ ఎరుపు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన కూర్చుని రెండూ ప్రతిక్షేపించి చూశాం. 5 పెడితే లోపల −2, −4. మైనస్ ఒకటి పెడితే 4, 2. వాటి లాగ్‌లు 2, 1. మొత్తం 3! చూడవలసింది ఎక్స్ గుర్తును కాదు, లాగ్ లోపల మిగిలినదాన్ని. ఈ మాట ఉదయమే చెప్పనందుకు రోజంతా నొచ్చుకున్నాను.

సాయంత్రం విశాఖ లాసన్స్ బే ఒడ్డున నడుస్తుంటే రేవులో చోటు కోసం ఆగిన ఓడలు కనిపించాయి. గణితవేత్త నేపియర్ 1614లో సంవర్గమాన పట్టికలు అచ్చు వేయించాక నావికుల పెద్ద పెద్ద గుణకారాలు కూడికలయ్యాయని పాపకు చెప్పాను. ఇంటర్‌లో ఆ పట్టికల వరుస వెంట వేలు జరుపుతూ చూసిన రోజులు గుర్తొచ్చాయి.

రాత్రి చివరి లెక్క: లాగ్ (ఎక్స్ − 5) = లాగ్ (2ఎక్స్ − 3). ఎక్స్ = −2 వచ్చింది. ఈసారి కొట్టేయలేదు, టైపూ చేయలేదు. పెన్సిలుతో పక్కన −7, −7 అని వేసుకుని, "నాన్నా, దీనికి జవాబే లేదు" అంది.