జాలీబుట్టలో గారె

"ఈ బుట్టలోకి గారెను ఎట్లా జారవిడవాలి బాబూ?" అని అత్తయ్య అడిగేసరికి, అప్పటిదాకా డీప్ ఫ్రయర్ (కరెంటుతో నూనె కాచి వేపుళ్ళు చేసే తొట్టి) గురించి ధారాళంగా మాట్లాడుతున్న దుకాణం కుర్రవాడు ఒక్క క్షణం ఆగిపోయాడు.

ఆమె అడిగినదానిలోనే అసలు విషయమంతా ఉంది. ఆ తొట్టిలోకి దించే జాలీబుట్ట బంగాళదుంప ముక్కల వంటి పొడి సరుకుకు బాగా పనికివస్తుంది గానీ, గారె పిండి, బజ్జీ పిండి వంటి తడి పిండిని అందులో వేస్తే పైపొర గట్టిపడేలోపే జాలీకి అంటుకుపోతుంది. బుట్ట తీసివేసి నేరుగా నూనెలో వేయవచ్చు. అయితే ఆ ఇరుకు తొట్టిలో, వెడల్పాటి మూకుడులో తిరిగినన్ని గారెలు తిరగవు.

అయినా ఫ్రయర్ మీద నాకు మోజు తీరలేదు. నూనెను 170, 180 డిగ్రీల దగ్గర థర్మోస్టాట్ నిలిపి ఉంచుతుంది కనుక, జంతికలు వేసేటప్పుడు మంట పెంచుతూ తగ్గిస్తూ నిలబడే పని తప్పుతుంది. వేడిచేసే కాయిల్ నూనెలోనే మునిగి ఉండే రకంలో దాని కింది నూనె అంతగా కాగదు, కాబట్టి అడుగుకు రాలిన పిండి మాడి నూనెను త్వరగా నల్లబరచదు. తొట్టి ఊడివచ్చేదైతేనే కొనాలి. ఊడిరానిదానిని ఉచితంగా ఇచ్చినా (ఎవరూ ఇవ్వరనుకోండి) నేను తీసుకోను.

చివరికి బేరం ఆగింది ధర దగ్గర కాదు, ప్లగ్గు దగ్గర. 2000 వాట్ల ఫ్రయర్ 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మా వంటగట్టు దగ్గర ఉన్నది 6 ఆంపియర్ల ప్లగ్గు. 16 ఆంపియర్లది పెట్టించేందుకు ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాను, ఆదివారం వస్తానన్నాడు.