మేస్త్రీ కొడుకు చేసిన తప్పేమిటి?

నాలుగో తరగతి పిల్లలకు నేరం, శిక్షల చరిత్ర మొదటిసారి చెప్పినప్పుడు నేను పాఠాన్ని శిక్షలతోనే ప్రారంభించాను. ఉరికొయ్య, కొరడా, బొండకొయ్య అనగానే అందరూ చెవులు రిక్కించి విన్నారు గానీ, పీరియడ్ ముగిసేసరికి వారికి గుర్తున్నవి భయంకరమైన బొమ్మలే తప్ప, ఆ శిక్ష ఎవరికి, ఎందుకు పడిందన్న సంగతి కాదు.

అందుకే ఇప్పుడు ప్రాచీన బాబిలోన్ రాజు హమ్మురాబి చట్టాలను చెక్కించిన శాసనంతో మొదలుపెడుతున్నాను. సుమారు క్రీ.పూ. 1750 నాటి ఆ నల్లరాతి శాసనం 1901లో ఇప్పటి ఇరాన్‌లోని సూసాలో బయటపడింది. కట్టిన ఇల్లు కూలి యజమాని మరణిస్తే మేస్త్రీకి, యజమాని కొడుకు మరణిస్తే మేస్త్రీ కొడుకుకు మరణశిక్ష వేయాలని అందులో ఉంది. ఈ రెండో భాగాన్ని బోర్డు మీద రాసి, ఏమీ మాట్లాడకుండా పక్కకు జరుగుతాను. కిందటిసారి, తరగతిలో ఎన్నడూ నోరు విప్పని ఒక పాప లేచి, "ఆ అబ్బాయి ఏం చేశాడు టీచర్?" అని అడిగింది. మిగిలిన పాఠమంతా ఆ ప్రశ్న వెంటే నడిచింది.

నేరం ఎవరు చేశారో తేల్చడమెలా అన్నది తరువాతి మెట్టు. మధ్యయుగపు ఐరోపాలో, నిజాన్ని దేవుడే తేలుస్తాడన్న నమ్మకంతో, నిందితుడు ఎర్రగా కాల్చిన ఇనుమును పట్టుకుని కొన్ని అడుగులు నడవాలి. చేతికి కట్టు కట్టి, మూడు రోజుల తరువాత విప్పి, పుండు శుభ్రంగా మానుతుంటే నిర్దోషి అని, చీము పడితే దోషి అని తేల్చేవారు. మన ప్రాచీన ధర్మశాస్త్రమైన యాజ్ఞవల్క్య స్మృతి కూడా తుల (తూకం), అగ్ని, జలం, విషం, కోశం (దేవతా విగ్రహాన్ని కడిగిన నీరు తాగడం) అనే ఐదు దివ్యాలను, అంటే ఇలాంటి దైవపరీక్షలను, చెప్పింది. ఒక పిల్లవాడి అరచేతికి తెల్లగుడ్డ చుట్టి ఈ పద్ధతిని వివరిస్తుండగా, "ఒంట్లో బలం లేనివాడికి పుండు త్వరగా మానదు కదా" అని వెనక బెంచీ నుంచి ఒక గొంతు వినిపించింది. సాక్ష్యం అనే మాటను ఇక నేను ప్రత్యేకంగా వివరించనక్కరలేకపోయింది. 1215లో కాథలిక్ చర్చి పెద్దల నాల్గవ లాటరన్ మహాసభ మతగురువులను ఈ పరీక్షలకు దూరంగా ఉంచాక, ఇంగ్లండులో జ్యూరీ విచారణ, అంటే సాధారణ ప్రజల బృందం దోషం తేల్చే పద్ధతి, వాటి స్థానంలోకి వచ్చింది.

పంతొమ్మిదో శతాబ్దం ఆరంభానికి అదే ఇంగ్లండులో 200కు పైగా నేరాలకు మరణశిక్ష ఉండేది. దొంగిలించిన సొత్తు విలువను జ్యూరీ సభ్యులు కావాలనే మరణశిక్ష పడే హద్దు కంటే తగ్గించి చెప్పి, నిందితుల ప్రాణాలు కాపాడిన సందర్భాలున్నాయని చెబితే పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు.

ఒక్క జాగ్రత్త మాత్రం నేనెన్నడూ విడువను. ఇంట్లో ఎవరో ఒకరు జైలులో ఉన్న బిడ్డ ఆ తరగతిలోనే కూర్చుని ఉండవచ్చు. అందువల్ల కోర్టు నాటకం ఆడించినప్పుడు న్యాయమూర్తిగా, సాక్షులుగా, జ్యూరీగా పిల్లలందరినీ నిలబెడతాను గానీ, నిందితుడి కుర్చీని ఖాళీగానే ఉంచుతాను.