28 ఆర్చిలు, 56 ఖానాలు: గోదావరి గట్టు మీద స్కెచ్ లాగ్

బొమ్మలు మొదలుపెట్టి ఇది తొమ్మిదో నెల, మూడో స్కెచ్ బుక్. బయట కూర్చుని వేయడం ఆరోసారి. ఇప్పటిదాకా మా తాడేపల్లిగూడెంలో గుడి గోపురం, కూరగాయల బండి, స్టేషన్ బయట టీ కొట్టు, ఇలా చేతికందేంత దూరంలో ఉన్నవే వేశాను. ఇక్కడ మొదలై ఎక్కడో చుక్కలా ముగిసే బొమ్మ ఏది పట్టుకున్నా చెడిపోతోంది. రోడ్డు వేస్తే గోడలా నిలబడుతోంది, కాలువ వేస్తే కొండెక్కుతోంది. అందుకని ఈసారి మొండిగా రాజమండ్రి పెట్టుకున్నాను. గోదావరి మీద రైలు వంతెన కంటే పొడుగాటి బొమ్మ మా చుట్టుపక్కల ఇంకేముంది?

తోడు మా బాబాయ్. రైల్వేలో పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్‌గా చేరి, గ్యాంగుకు పెద్దయిన మేట్‌గా రిటైరయ్యారు. ఆయనకు బొమ్మల గోల అక్కర్లేదు, "వంతెన దగ్గరికి" అన్నానని వచ్చారు. డిసెంబరు, మామూలు పనిరోజు. పుణ్యదినాలూ ఆదివారాలూ అయితే మెట్ల మీద కూర్చోవడానికి చోటుండదు, తడి బట్టల నీళ్ళు పేజీ మీద పడతాయి. వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ ఒక్కటీ చూసుకోండి.

తెల్లవారుజామున పాసింజర్ ఎక్కాం. రైలు గోదావరి మీదికి రాగానే బాబాయ్ జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి కిటికీ లోంచి వేసి దణ్ణం పెట్టారు. ముప్పై ఏళ్ళు పట్టాల మీద నడిచిన మనిషి కూడా దణ్ణం పెట్టకుండా ఏరు దాటరు. మేం రాజమండ్రి పెద్ద స్టేషన్ దాకా పోకుండా ముందొచ్చే గోదావరి స్టేషన్‌లో దిగిపోయాం. అక్కణ్ణుంచి పుష్కర ఘాట్‌కి నడిచి పోవచ్చు, ఆటో అక్కర్లేదు. అన్ని రైళ్ళూ అక్కడ ఆగవు కాబట్టి టికెట్ తీసుకునే ముందు అడగండి.

సంచిలో ఉన్నవి: ఏ5 సైజు పుస్తకం (300 జీఎస్ఎమ్, అంటే మందపాటి కాగితం), 2బి పెన్సిలు, 0.3 పెన్ను, 12 రంగుల పెట్టె, నీళ్ళ బ్రష్షు, పాత బనీను ముక్క, రెండు క్లిప్పులు, మడత స్టూలు. టోపీ మర్చిపోయాను. బాబాయ్ తువ్వాలు చుట్టుకున్నాను.

ఘాట్ దగ్గరికి వెళ్ళేసరికి ఏరంతా మంచు. వంతెన మొదటి రెండు ఆర్చిలు తప్ప ఏమీ లేదు. మార్కండేయస్వామి గుడి వైపు నుంచి గంట వినిపిస్తోంది. ఒకావిడ ఒడ్డున కూర్చుని అరటి దొప్పలో ఆవునేతి వత్తి పెట్టి వెలిగించారు. నీళ్ళ మీద పెట్టగానే దొప్ప ముందుకు పోకుండా మళ్ళీ మెట్టుకే వచ్చి తగులుతోంది. ఆవిడ చేత్తో నీళ్ళను చిన్నగా నెట్టారు. మళ్ళీ వచ్చింది. మూడోసారి బాబాయ్ మోకాళ్ళ లోతు దిగి, దొప్పను అరచేతిలో తీసుకెళ్ళి ప్రవాహంలో వదిలారు. ఆ దొప్పను నాలుగు గీతల్లో వేశాను. ఆ రోజు మొదటి బొమ్మ అదే. మూడు నిమిషాలు పట్టింది. పుస్తకంలో నాకు నచ్చిన పేజీల్లో అదొకటి.

ఎనిమిదింటికి మంచు పలచబడింది. అప్పుడు మొదలైంది అసలు పని.

రాజమండ్రి ఏటికి తూర్పు గట్టున ఉంది. పొద్దున మన వీపు మీద ఎండ, ఎదురుగా వంతెన మీద వెలుగు. కాంక్రీటు ఆర్చిలు తెల్లగా, వాటి లోపలి నీడలు నీలంగా విడివిడిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం దాటాక కొవ్వూరు వైపు నుంచి ఎండ కళ్ళలో కొడుతుంది, నీళ్ళు తళతళ తప్ప ఇంకేమీ కనపడదు. రంగులు వేయాలంటే పది లోపు, నీడ బొమ్మ కావాలంటే సాయంత్రం. మధ్యలో అంతా ఊళ్ళో తిరగడమే.

మొదటి ప్రయత్నం: ఆర్చిలు 28 ఉన్నాయని ముందే తెలుసు కాబట్టి, 28 వేయాలనే పట్టుదలతో మొదలుపెట్టాను. ఎనిమిదో ఆర్చి దగ్గరే పేజీ అయిపోయింది. పైగా వంతెన ఆకాశంలోకి ఎక్కిపోతోంది. బాబాయ్ మెట్టు మీద పేపరు పరుచుకుని కూర్చుని చూస్తున్నారు. "అమ్మడూ, ఈ గ్రేడు మీద ఇంజనెక్కదు" అన్నారు. గ్రేడంటే పట్టాల ఎత్తువాలు.

తప్పు ఎక్కడుందో అప్పుడు ఓపిక కూడగట్టుకుని చూశాను. మనం కింద మెట్ల మీద కూర్చున్నాం. కంటి ఎత్తు గీత అవతలి గట్టు మీదుగా పోతుంది. వంతెన పట్టాల గీత ఆ ఎత్తుకి పైన ఉంది కాబట్టి దూరం వెళ్ళేకొద్దీ కిందికి దిగాలి. స్తంభాలు నీళ్ళను తాకే గీత కంటికి కిందుంది కాబట్టి పైకి ఎక్కాలి. రెండూ వెళ్ళి కొవ్వూరు ఒడ్డున ఒక్క చోట కలవాలి. పుస్తకంలో పది సార్లు చదివిన సంగతే. చెయ్యి మాత్రం "పొడుగాటిది" అనగానే పైకి లాక్కెళ్ళిపోతోంది. పెన్సిలును చాచిన చేత్తో వంతెన అంచుకు ఆనించి, ఆ వాలును అలాగే కదలకుండా పేజీ మీదికి దించాక కుదిరింది.

ఇక ఆర్చిల మధ్య దూరం. ఒకదాని కంటే ఒకటి ఎంత ఇరుకుగా వేయాలి? ఇక్కడే బాబాయ్ నా తొమ్మిది నెలల చదువును ఒక్క మాటతో దాటేశారు. "పక్కన పాతదాన్ని చూడు. దానికి 56 ఖానాలు, దీనికి 28. సరిగ్గా సగం."

ఖానా అంటే రెండు స్తంభాల మధ్య దూరం. పాతదంటే హేవలాక్ వంతెన. 1897లో పని మొదలై 1900లో రైళ్ళు నడిచాయి. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. రాతి స్తంభాలు, ఇనుప గర్డర్లు. ఒక్కో ఖానా 150 అడుగులు, అంటే 45.7 మీటర్లు. ఆర్చి వంతెన 1997లో వచ్చాక దీన్ని ఆపేశారు. కొత్తదాని ఖానా 97.55 మీటర్లు. పాతవి రెండు ఖానాలు, మధ్యలో స్తంభాల మందం కలిపితే లెక్క దాదాపు అంతే వస్తుంది. బాబాయ్ ఈ లెక్కలేమీ చెప్పలేదు. గోరుతో నా పేజీ మీద చూపించి "ఒక ఆర్చికి రెండు ఖానాలు" అన్నారు, అంతే. పాత వంతెన స్తంభాలను కొలబద్దలా పెట్టుకున్నాక ఆర్చిల ఇరుకు దానంతటదే వచ్చింది. మొదటి ఆరు ఆర్చిలు విడివిడిగా వేసి, తర్వాతి నాలుగూ వంపు గీతలుగా, మిగతా అంతా ఒక్క తెగని వణుకు గీతగా వదిలేశాను. 28 లేవు. చూస్తే మాత్రం ఉన్నాయనిపిస్తుంది.

ఆయన ఆ పాత వంతెన మీద డ్యూటీ చేశారు. రైలొస్తే తప్పుకోవడానికి అక్కడక్కడా చిన్న తొట్టిలాంటి చోట్లుంటాయట. అందులో నిలబడితే కింద గోదావరి, పక్కన రైలు, కాళ్ళ కింద ఇనుము వణుకు. "వానాకాలం ఎర్ర నీళ్ళప్పుడు కిందికి చూస్తే నీళ్ళు కాదు, వంతెనే పరిగెడుతున్నట్టుంటుంది" అన్నారు. ఆ మాట కోసం మార్జిన్‌లో చోటు వదిలాను.

పెన్నుతో గీతలు దిద్దడం అయింది. ఇప్పుడు రంగు. డిసెంబరులో ఏరు బూడిద కలిసిన ఆకుపచ్చ. అల్ట్రామెరైన్ నీలంలో కొంచెం ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), చిటికెడు బర్న్ట్ సియన్నా (ఎర్ర గోధుమ రంగు). మొదటి పూత బానే పడింది. బ్రష్షు స్తంభాల దగ్గరికి వెళ్ళగానే నల్లటి గీతలన్నీ కారి బొగ్గు కడిగిన నీళ్ళయ్యాయి. పెన్ను మీద వాటర్‌ప్రూఫ్ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆన్‌లైన్‌లో సగం ధరకి వస్తోందని కొన్నది. కొత్త పెన్ను కొంటే పుస్తకం వెనక అట్ట మీద గీసి, పది నిమిషాలాగి, తడి వేలు రుద్ది చూడండి. నేను ఇంట్లో చేయాల్సిన పరీక్షను గోదావరి ఒడ్డున చేశాను.

ఏడుపొచ్చినంత పనైంది. బనీను గుడ్డతో అద్దితే సగం పోయింది, మిగతా సగం నీళ్ళలో స్తంభాల నీడలా మిగిలింది. ఇంకో సంగతి: మంచు రోజున పూత ఆరదు. ఇంట్లో ఐదు నిమిషాల్లో ఆరేది ఇక్కడ ఇరవై దాటింది. ఆరకముందే రెండో పూత వేస్తే రంగు పువ్వులా విరిగి అంచులు తేలే క్యాలీఫ్లవర్ మచ్చలు ఖాయం. మధ్యలో టీ తాగి రావాలి. తాగొచ్చాం, రెండుసార్లు.

పదిన్నరకి సర్దుకుని ఊళ్ళోకి నడిచాం. కోటగుమ్మం, అక్కణ్ణుంచి మెయిన్ రోడ్డు. పాత రాజమండ్రి అంతా ఈ కాస్త మేరలోనే ఉంటుంది. మెయిన్ రోడ్డులో 1324 నాటి శాసనమున్న మసీదు, సందుల్లో కందుకూరి వీరేశలింగం పుట్టిన ఇల్లు, ఆయన 1890లో కట్టించిన టౌన్ హాలు. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే. ఆ సందులో నిలబడి ఒక పెంకుటింటి చూరు వేశాను, పన్నెండు నిమిషాలు, పెన్సిలు మాత్రమే. స్కూటర్లు తగులుతూ పోతున్నాయి, స్టూలు వేసుకునే చోటు కాదు. ఇరుకు సందుల్లో నిలబడి వేయాలంటే చిన్న పుస్తకమే నయం. తర్వాత రోజ్ మిల్క్. బాబాయ్ రెండు తాగారు, షుగరు సంగతి పిన్నికి చెప్పొద్దన్నారు.

మధ్యాహ్నం చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి. ఆయన పుట్టింది 1897లో, పాత వంతెన పని మొదలైన ఏడాదే. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జేజే స్కూల్లో చదివారు. 1925లో మశూచి సోకి పోయారు, 28 నిండలేదు. పెద్ద చిత్రాల ముందు అందరూ ఆగుతారు, నేను పెన్సిల్ పనుల దగ్గర ఆగిపోయాను. గీత ఎక్కడ ఆపేయాలో ఆయనకు తెలుసు. భుజం దగ్గర ఒక్క చోట వదిలేస్తే అక్కడ వెలుగు పడుతోంది. నేనైతే అక్కడ మూడు గీతలు గీకేసేదాన్ని. పొద్దున 28 ఆర్చిలూ వేయాలని కూర్చున్న మనిషిని కదా.

"ఈయన వంతెన వేశాడా?" అని బాబాయ్ అడిగారు. ఈ గోడల మీద నాకు కనపడలేదన్నాను. "మరి ఇంతసేపు ఏం చూస్తున్నావ్?" అన్నారు.

సాయంత్రం మళ్ళీ ఘాట్. హారతికి జనం చేరుతున్నారు, గట్టిగా పదిహేను నిమిషాలే వెలుగుంది. ఈసారి పెన్ను తీయలేదు. పేజీ అంతా పలచటి ఓకర్ పూత, ఆరీ ఆరకుండా ముదురు నీలంతో ఆర్చిల వరస, కింద పాత స్తంభాలు, ఒక్కో ఆర్చికి రెండు. ఏ గీతా దిద్దలేదు. సరిగ్గా అప్పుడే వంతెన మీద రైలొచ్చింది. దాన్ని తడి రంగులో గోటితో గీకాను.

రోజు మొత్తం లెక్క: ఐదు పేజీలు, ఒకటి చెడింది, ఒకటి చెడి బాగుపడింది. తిరుగు రైల్లో బాబాయ్ పుస్తకం అడిగి తీసుకుని, సాయంత్రం బొమ్మ దగ్గర వేలు పెట్టి స్తంభాలు లెక్కపెట్టారు. నాలుగో ఆర్చి కింద మూడు పడ్డాయి. ఏమీ అనలేదు, అక్కడ వేలు ఆపి నా వంక చూశారు.

సంక్రాంతి అయ్యాక ధవళేశ్వరం. కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టిన చోటు, మ్యూజియం కూడా ఉంది. బ్యారేజీ గేట్లు వేయాలంటే ఇవాళ్టి పద్ధతే పనికొస్తుందనుకుంటున్నాను. కొనాల్సినవి: టోపీ, మంచి పెన్ను, మడత స్టూలు ఇంకోటి. మెట్ల మీద కూర్చుని నడుం పట్టేసిందని, వచ్చేసారి తనక్కూడా ఒకటి తెమ్మన్నారు బాబాయ్.