తెర చాటు కెమెరాకు పదును ఎక్కడ పెట్టాలి?

సెల్ఫీ కెమెరాను తెర కింద దాచాలన్న ప్రయత్నం కొత్తదేమీ కాదు. ఒప్పో సంస్థ 2019లో షాంఘైలో ఒక నమూనాను చూపించింది. 2020లో జెడ్‌టీఈ సంస్థ ఆక్సాన్ 20 పేరుతో అటువంటి ఫోన్‌ను మొదటిసారిగా మార్కెట్లోకి తెచ్చింది. మరుసటి ఏడాది శామ్‌సంగ్ తన గెలాక్సీ జెడ్ ఫోల్డ్ 3 లోపలి తెర కింద 4 మెగాపిక్సెళ్ల కెమెరాను అమర్చింది. అదే శామ్‌సంగ్ 2025 నాటి ఫోల్డ్ 7లో లోపలి తెరకు మళ్లీ రంధ్రం పెట్టి 10 మెగాపిక్సెళ్ల కెమెరాకు మారింది. తెర కింది కెమెరా ఫొటోలు మసకగా వస్తాయన్న మాట ఈ ఏళ్లన్నిటా వినిపిస్తూనే ఉంది. ఆ మసకను సాఫ్ట్‌వేరే తుడిచేస్తుందని ప్రకటనలు చెబుతుంటాయి గాని, చికిత్సలో ముఖ్యమైన భాగం కాంతి సెన్సర్‌ను చేరకముందే జరగాలని నా అభిప్రాయం.

ముందుగా ఆ మసక ఎక్కడ పుడుతుందో చూడాలి. రాత్రిపూట దూరంగా వెలుగుతున్న వీధిదీపాన్ని పలుచని గొడుగు గుడ్డలోంచి చూస్తే, దీపం చుట్టూ శిలువ ఆకారంలో చుక్కల వరుసలు కనిపిస్తాయి. గుడ్డలోని దారాల మధ్య సందులు క్రమబద్ధంగా ఉండటం వల్ల కాంతి వివర్తనం చెంది కొన్ని దిశల్లోకి చీలుతుంది. ఓఎల్ఈడీ తెరలో, అంటే ప్రతి పిక్సెలూ తనంత తానే వెలిగే తెరలో, పిక్సెళ్లకూ వాటి తీగలకూ మధ్య మిగిలే ఖాళీలు కూడా అదే పని చేస్తాయి. అంగుళానికి 400 పిక్సెళ్లున్న తెరలో ఒక పిక్సెల్ నుంచి మరో పిక్సెల్‌కు దూరం దాదాపు 63 మైక్రోమీటర్లు. 0.55 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఆకుపచ్చ కాంతి అక్కడ సుమారు అర డిగ్రీ పక్కకు వంగుతుంది. అర డిగ్రీ అంటే చాలా తక్కువనిపిస్తుంది గాని, లెన్స్ నాభ్యంతరం (లెన్స్ నుంచి బొమ్మ పడే చోటికి దూరం) 3 మిల్లీమీటర్లయితే సెన్సర్ మీద ఆ దొంగ బిందువు 26 మైక్రోమీటర్ల అవతల పడుతుంది. సెన్సర్ పిక్సెల్ వెడల్పు ఒక మైక్రోమీటరు అనుకుంటే, అది 26 పిక్సెళ్ల దూరం. నీలి కాంతికి ఇదే దూరం 21 మైక్రోమీటర్లు, ఎరుపుకు 31. అందువల్లనే దీపాల పక్కన పడే ఛాయలు రంగులు విడిపోయి కనిపిస్తాయి.

ఇంతకన్నా ముఖ్యమైన లెక్క మరొకటి ఉంది. తెర వైశాల్యంలో అయిదో వంతు మాత్రమే ఖాళీ అనుకుందాం. అప్పుడు 20 శాతం కాంతి లోపలికి వస్తుంది. కాని క్రమబద్ధమైన జాలకం విషయంలో, లోపలికి వచ్చిన ఆ కాంతిలోనూ అయిదో వంతు మాత్రమే అసలు బిందువుకు చేరుతుంది. మొత్తం కాంతిలో 4 శాతం నిజమైన బొమ్మను గీస్తుంటే, 16 శాతం దాని చుట్టూ దొంగ బొమ్మలను గీస్తుందన్నమాట. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2021లో ప్రచురించిన పత్రంలో పారదర్శక ఓఎల్ఈడీ తెర 20 శాతం కాంతిని, పిక్సెళ్లను పెంటైల్ అనే అమరికలో పేర్చిన, ఫోన్లలో వాడే తెర 2.9 శాతాన్ని మాత్రమే లోపలికి పంపాయి. రెండింటిలోనూ ఖాళీ వైశాల్యం ఇంచుమించు సమానమే అయినా, రెండో దాని అడుగున ఉండే పసుపు ఛాయ గల పాలీఇమైడ్ పొర నీలి కాంతిని బాగా మింగేస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఒక బిందువు ఏ ఆకారంలో చెదురుతుందో ముందే కొలిచి పెట్టుకుంటే, ఆ చెదరడాన్ని గణితంతో వెనక్కి తిప్పవచ్చు. అయితే తెర జాలకం కొన్ని సూక్ష్మ వివరాలను దాదాపు సున్నా స్థాయికి అణచివేస్తుంది. వాటిని తిరిగి పెంచబోతే, వాటితో పాటు సెన్సర్ రొద (బొమ్మలో చేరే గింజల్లాంటి మచ్చలు) కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. నాడీజాల నమూనాలు (ఉదాహరణల నుంచి నేర్చుకొనే కృత్రిమ మేధ) ఈ చిక్కును దాటినట్టు కనిపించేది, లేని వివరాన్ని అవి ఊహించి పూరిస్తాయి కనుక. సరదా సెల్ఫీలో ఆ ఊహ ఎవరినీ బాధించదు గాని, ముఖాన్ని చూసి తాళం తీయవలసిన చోట ఊహించిన కనుబొమలను నమ్మడానికి నాకు మనసొప్పదు.

దృశాశాస్త్రం వైపు నుంచి వచ్చిన పనుల్లో నన్ను ఎక్కువగా ఆకర్షించినవి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆన్‌చీ యాంగ్, అశ్విన్ శంకరనారాయణన్ చేసినవి. 2021లో వారు ఖాళీల అమరికనే మార్చి చూశారు. ఖాళీలు ఒకే లయలో ఉండటం, ప్రతి ఖాళీ ఆకారం అనే రెండూ కలిసి మసక స్వభావాన్ని నిర్ణయిస్తాయని తేల్చి, ఆ లయను చెదరగొట్టే అమరికలను ప్రతిపాదించి, వాటిని ఫొటోమాస్కులుగా (అమరికను అచ్చువేసిన పారదర్శక పలకలుగా) తయారు చేయించి కెమెరా ముందు పెట్టి పరీక్షించారు. బలమైన దొంగ బిందువులు తగ్గితే, మసకను వెనక్కి తిప్పే లెక్క రొదకు లొంగకుండా నిలుస్తుంది. ఒక్కటే కొరత: అమరికను ఎలా మార్చినా, ఖాళీ వైశాల్యం పెరగనంత వరకు లోపలికి వచ్చే కాంతి పెరగదు.

2023లో కంప్యూటర్ దృష్టికి సంబంధించిన ఐసీసీవీ సదస్సుకు వారు మరికొందరితో కలిసి సమర్పించిన పత్రం ఆ కొరత మీదే దృష్టి పెట్టింది. తెరకు ముందొకటి, వెనకొకటి చొప్పున రెండు సూక్ష్మ కటకాల పలకలను అందులో ప్రతిపాదించారు. ముందు పలకలోని ప్రతి చిన్న కటకం తన మీద పడిన కాంతిని తెరలోని ఖాళీ వైపు మళ్లిస్తుంది, వెనక పలక ఆ మళ్లింపును రద్దు చేసి తరంగాన్ని యథాస్థితికి తెస్తుంది. లెన్స్ దృష్టిలో చూస్తే, తెరలోని ఖాళీ ఉన్నదానికంటే పెద్దదైనట్టే. పైన చెప్పిన లెక్క ప్రకారం ఖాళీ పెరిగితే లాభం రెండు విధాలు: లోపలికి వచ్చే కాంతి పెరుగుతుంది, వచ్చినదానిలో అసలు బిందువుకు చేరే వంతు కూడా పెరుగుతుంది. కటకాల మందాన్ని ఎంత ఎత్తు వద్ద మడవాలో, అంటే ఎంత ఎత్తుకు చేరాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలో, ఒక్కొక్క కటకానికీ విడిగా ఎంచుకొని, రంగులు విడిపోయే దోషాన్ని కూడా తగ్గించారు. కంప్యూటర్ అనుకరణలో లోపలికి వచ్చే కాంతి రెట్టింపైంది. ఇది అనుకరణలో వచ్చిన ఫలితమే తప్ప, చేతిలో పట్టుకోదగిన ఫోన్ కాదన్నది గుర్తుంచుకోవాలి.

తెర ముందు కటకాలు పెడితే తెర మీది బొమ్మ చెడిపోదా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. ఒక దిశ ధ్రువణం (కాంతి తరంగం కంపించే దిశ) ఉన్న కాంతిని మాత్రమే వంచే పలకలను వాడితే, తెర వెలుగు వేరే ధ్రువణంతో వాటిని చెక్కుచెదరకుండా దాటిపోతుందని వారి సమాధానం. అది చక్కని ఉపాయమే గాని, దానికి మూల్యం ఉంటుంది: బయటి నుంచి వచ్చే మామూలు కాంతిలో ఒక ధ్రువణానికి చెందిన సగమే ఆ కటకాలకు లోబడుతుంది. ఏటవాలుగా వచ్చే కిరణాల చిక్కు వేరు. కోణం పెరిగేకొద్దీ చిన్న కటకం కూర్చిన బిందువు ఖాళీ నుంచి పక్కకు జరుగుతుంది కనుక, ఫొటో అంచులకు మధ్యభాగానికి దక్కినంత మేలు దక్కదు. పైగా మైక్రోమీటర్ల పొరపాటు కూడా లేకుండా రెండు పలకలనూ తెరతో సరిపోల్చి అతికించాలి.

ఇంత శ్రమ ఫోన్ సెల్ఫీ కోసమేనా అంటే, కాదనే నేననుకుంటాను. ఫోన్లో కెమెరా తెర పైఅంచున ఉంటుంది కనుక, అక్కడ పిక్సెళ్లను పలచబరిచి కాంతికి దారి ఇవ్వవచ్చు. ఫోల్డ్ 3 తెరలో ఆ చోటు సన్నని వలలా కనిపించినా జనం కొంతవరకు సర్దుకున్నారు. లెనోవో 2025లో చూపించిన యోగా స్లిమ్ 9ఐ ల్యాప్‌టాప్‌లోనూ తెర కింది కెమెరా పైఅంచుననే ఉంది. వీడియో కాల్‌లో అవతలి మనిషి కళ్లలోకి నేరుగా చూస్తూ మాట్లాడాలంటే మాత్రం కెమెరా తెర నడుమ, ఆ మనిషి ముఖం కనిపించే చోటే ఉండాలి. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మొదట్లో చెప్పుకున్న ప్రయోజనం కూడా ఇదే. తెర నడుమ పిక్సెళ్లను పలచబరచడం కుదరదు. కాబట్టి అక్కడ ఉన్న ఖాళీలతోనే, వాటి గుండా పోయే కాంతిని మలచుకొనే పని సాగాలి.