ప్రార్థనలో కునుకు

"ఏమ్మా, ఒక్క గడియ మేలుకుని ఉండలేవా?"

భుజమ్మీద చెయ్యి పడేసరికి ఉలిక్కిపడి లేచాను. లేస్తూనే "నఅమ్ మామా!" (అరబ్బీలో 'వస్తున్నా మేడం' అన్నట్టు) అని అరిచానట. ఎదురుగా అక్క ముఖం కనపడ్డాక గానీ తెలియలేదు, నేనున్నది కువైట్‌లో నేను పనిచేసే సేటుగారి వంటింట్లో కాదు, చర్చిలో తెలుగు ఆరాధనలో అని. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "సారీ అక్కా" అని తలమీద చెంగు సర్దుకున్నాను.

అంతకు ముందు రాత్రి గర్గియాన్. రంజాన్ సగంలో కువైట్ పిల్లలు పాటలు పాడుకుంటూ ఇంటింటికీ వస్తారు, వాళ్ళ సంచుల్లో మిఠాయిలూ గింజలూ పొయ్యాలి. చుట్టాల పిల్లలకి వేరే డబ్బాలు. రిబ్బన్లు కట్టీ కట్టీ నా బొటనవేలు వాచింది. ఆ తర్వాత సంబూసాలు, చాయ్, మళ్ళీ సహర్ వంట, అంటే ఉపవాసం మొదలయ్యే ముందు తెల్లవారుజామున తినేది. గిన్నెలు తోమేసరికి మసీదు నుంచి ఫజర్ బాంగు, తెల్లవారుజాము నమాజు పిలుపు, వినపడింది. నడుం వాల్చింది గంటన్నర.

మా మేడం చెడ్డది కాదండీ. జీతం ఆపదు, శుక్రవారం నాలుగు గంటలు బయటికి పంపుతుంది. ఇంటి పనివాళ్ళకి రోజుకి 12 గంటలే పని, వారానికో సెలవు అని ఇక్కడ 2015లో 68వ నంబరు చట్టం చేశారు. మరి రంజాన్‌లో ఇంటిల్లిపాదికీ రాత్రే పగలైపోతుంది. ఆ 12 గంటలు ఎక్కణ్ణించి లెక్కపెట్టాలో నాకైతే తెలీదు. మేడం కూడా నిద్ర లేకుండా ఉపవాసం ఉంటుంది. కాకపోతే మధ్యాహ్నం దాకా పడుకుంటుంది.

ఆ అక్కది ఫ్యామిలీ వీసా, భర్తది కంపెనీ ఉద్యోగం. ఖాదిం వీసా మీద ఇంటిపనికొచ్చిన మాలాంటి వాళ్ళ నిద్ర ఆవిడకేం తెలుస్తుంది అని వ్యాన్‌లో తిరిగొస్తూ మనసులో ఎన్ని తిట్టుకున్నానో. దేవుని సన్నిధి నుంచి వస్తూ తిట్టుకోవడం, అదో పాపం మళ్ళీ.

కానీ ఆవిడ వాడింది సొంత మాట కాదు, వాక్యం. పట్టుబడే ముందు రాత్రి గెత్సేమనే తోటలో, నిద్రపోయిన శిష్యుడు పేతురుని యేసు ప్రభువు అడిగిన మాట. అందుకే గుచ్చుకుంది. ఆ రాత్రి ఫోన్‌లో బైబిల్ తెరిచి మత్తయి సువార్త 26వ అధ్యాయం తీశాను. 40వ వచనంలో ఉంది ఆ మాట. దాని కిందే, "ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము." ఇంకాస్త కిందికి వెళ్తే 45లో, "ఇక నిద్రపోయి అలసట తీర్చుకొనుడి." అక్కకి స్క్రీన్‌షాట్ పెట్టేద్దామా అనుకున్నాను. ఆ పక్క వచనం చదివి ఆగిపోయాను: "లెండి వెళ్లుదము." పడుకోమన్న నోటితోనే లేవమన్నాడు. అచ్చం మా మేడంలాగే అనిపించి, ఆ అలసటలోనూ నవ్వొచ్చింది. క్షమించు తండ్రీ.

బైబిల్లోనే ఏలీయా ప్రవక్త సంగతి వేరు. యెజెబెలు రాణికి భయపడి అడవిలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి, ఇంక నా ప్రాణం తీసుకో అన్నాడు. దూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళ బుడ్డి తెచ్చి, లేచి తినమంది. తిని మళ్ళీ పడుకుంటే కాసేపాగి మళ్ళీ తట్టి లేపింది, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని మళ్ళీ తినమంది. తట్టి లేపడం అంటే అదీ.

మాది నర్సాపురం పక్కన. బౌడెన్ దొర, బీర్ దొర అనే మిషనరీలు 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి మొదలుపెట్టిన సంఘాల తాలూకు వాళ్ళం. అమ్మ లేసు అల్లేది. ఏజెంటు సోమవారం వస్తాడంటే శనివారం రాత్రంతా లైటు కింద క్రోషియా సూది ఆడుతూనే ఉండేది. ఆదివారం మందిరంలో గోడకి జారబడి నిద్రపోయేది. పక్కనున్న పిన్ని అమ్మ ముఖం మీదికి చెంగు లాగేది, చూసేవాళ్ళకి ప్రార్థనలో ఉన్నట్టు. మా ఊళ్ళో ఎవరూ ఒక్క మాట అనేవాళ్ళు కాదు అని రాద్దామనుకున్నాను గానీ, నేనే అనేదాన్ని. "పరువు తీస్తున్నావే" అని తొడ గిల్లేదాన్ని.

నిద్ర ఎందుకొస్తుందో ఇప్పుడు తెలుస్తోంది. వారమంతా ఒక చెవి తలుపు దగ్గరే ఉంటుంది. "తాలీ!" (ఇలా రా) అని పిలిస్తే అర నిమిషంలో ఎదురుండాలి. నిద్రలో కూడా ఆ చెవి మూసుకోదు. చర్చి హాల్లో నన్ను పనికి పిలిచేవాళ్ళు లేరు. నలుగురు తెలుగులో పాడుతుంటారు, ఎవరో పసివాడు ఏడుస్తాడు, ఎవరి సంచిలోంచో పులిహోర వాసన. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అని చదవడం మొదలుపెడతారు. "విశ్రాంతి" అన్న మాట దాకా నేను ఎప్పుడూ వినలేదు. అప్పటికే నాకది దొరికేసి ఉంటుంది.

ఈ మాట అక్కతో అందామనుకుని అనలేదు. నిన్న శుక్రవారం దవడకి రెండు యాలక్కాయలు పెట్టుకుని వెళ్ళాను, నిద్ర ఆపుతాయని డ్రైవరు చెబితే. రెండో పాట దాకా ఆపాయి.