నారుకు వెలుగు కొలిచి పోసే చోట

డిసెంబరు మూడో వారంలో మా అక్క కూతురిని చూడ్డానికి నెదర్లాండ్స్ వెళ్లాను. ఆ పిల్ల డెల్ఫ్ట్‌లో చదువుకుంటోంది. అక్కడ పొద్దున ఎనిమిదిన్నరైనా తెల్లవారదు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. "మామా, నీకు మ్యూజియాలెందుకుగానీ, గాజు ఇళ్లలో పంటలు పెంచే వెస్ట్‌ల్యాండ్ పోదాం పద" అంది. మదనపల్లె దగ్గర మాది టమోటా నారు పెంచే నర్సరీ. ఇంకేం కావాలి నాకు?

బస్సు నాల్డ్‌వైక్ దారి పట్టాక, మన వైపు వేరుశనగ చేలు కనిపించినట్టు కనుచూపు మేరా గాజు ఇళ్లే. మబ్బు పట్టిన మధ్యాహ్నం. కొన్నింట్లో సోడియం దీపాల నారింజ వెలుగు, కొన్నింట్లో ఎల్ఈడీల గులాబీ వెలుగు. రాత్రిపూట ఈ వెలుతురు బయటికి పోకుండా తెరలు కప్పాలని అక్కడ చట్టముంది.

మేం వెళ్లింది నారు పెంచే గాజు ఇంటికి. లోపల గులాబీ వెలుగులో ఆకులన్నీ నల్లగా కనిపించాయి. తెగులు తగిలిందేమోనని ఒక్క క్షణం గుండె ఝల్లుమంది. చూపించడానికి వచ్చిన పెద్దాయన రంగు కళ్లద్దాలు ఇచ్చాడు. పెట్టుకోగానే ఆకులు పచ్చబడ్డాయి! ఎరుపు, నీలం దీపాల కింద ఆకు పసుపెక్కినా, పురుగు మచ్చ పడినా కనబడదు కాబట్టి పనివాళ్లకు ఆ అద్దాలు తప్పనిసరి. ఈమధ్య తెలుపు కూడా కలిపిన దీపాలు పెడుతున్నది అందుకేనట.

ఒక మొక్కను చేతిలోకి తీసుకున్నాను. మట్టి లేదు, కొబ్బరి పొట్టు లేదు. రాతిని కరిగించి దూదిలా తీసిన గడ్డలో వేళ్లు తెల్లగా అల్లుకుని ఉన్నాయి. కాడ అగ్గిపుల్లకంటే మందం. ఆకుకీ ఆకుకీ మధ్య వేలెడు దూరం కూడా లేదు. కాసేపు దాన్ని కింద పెట్టబుద్ధి కాలేదు.

ఎందుకంటే పోయిన ఏడాది ఎండ లేని తుపాను వారంలో మా నారంతా సాగిపోయింది. నారుకని చెబితే కొని తెచ్చిన ఊదా బల్బులు షేడ్ నెట్ పైకప్పుకు కట్టాను. అయినా కాడలు దారాల్లా పెరిగాయి. బుక్ చేసుకున్న రైతులు వద్దని వెళ్లిపోయారు. ఆ పది రోజుల టెన్షన్ ఇంకా మరిచిపోలేదు.

ఈ సంగతి చెబితే ఆ పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న, ఎంత ఎత్తున కట్టావని. దీపం దూరమైతే నారుకు అందే వెలుగు తగ్గుతుందట. ల్యూమెన్లు మనిషి కంటికి కనిపించే వెలుగు లెక్క, మొక్కకు మైక్రోమోల్, అంటే ఆకు మీద పడే వెలుగు కణాల లెక్క అన్నాడు. చదరపు మీటరుకు సెకనుకు 200 మైక్రోమోల్ చొప్పున 16 గంటలు ఇస్తే టమోటా నారు బాగా పెరుగుతుంది. నీలం వెలుగు వాటా తగ్గితే కాడ సాగుతుంది. ఒక జౌల్ కరెంటుకు, అంటే ఒక వాటు దీపం సెకనులో తాగేంత కరెంటుకు, సోడియం దీపం సుమారు 1.8 మైక్రోమోల్ ఇస్తే, మంచి ఎల్ఈడీ 3 ఇస్తుంది. సోడియం దీపం సెగకు ఆకు మాడుతుంది కాబట్టి పైన ఎత్తులో కట్టాలి. ఎల్ఈడీ పట్టీ ట్రేకు అడుగు ఎత్తులోనే ఉండొచ్చు, అందుకే అరల మీద అరలు పేర్చారు. 2022లో గ్యాస్, కరెంటు ధరలు ఆకాశాన్నంటినప్పుడు ఇక్కడ చాలామంది దీపాలు ఆర్పేశారు. ఎల్ఈడీల వైపు మళ్లడానికి అదీ ఒక కారణం. ఒక్క చిక్కుంది. సోడియం దీపం ఇచ్చే వెచ్చదనం పోతుంది, చలికాలంలో దాన్ని వేరే తెచ్చుకోవాలి.

ఇరవైనాలుగు గంటలూ దీపం వేస్తే ఇంకా తొందరగా పెరగదా అని అడిగాను. టమోటాకు చీకటి కావాలట. అది లేకపోతే ఆకు పసుపెక్కుతుంది. ఆర్పేసిన గంటల్లో కరెంటూ మిగులుతుంది.

తిరుగు బస్సులో ఫోన్‌లో లెక్క కట్టాను. 200ని 3తో భాగిస్తే, మంచి ఎల్ఈడీతో చదరపు మీటరుకు 67 వాట్లు చాలు, 16 గంటలకు యూనిట్ పైచిలుకు. అంత చోటులో 98 గుంతల ప్రోట్రేలు (నారు పోసే ప్లాస్టిక్ ట్రేలు) ఆరు, అంటే 588 మొక్కలు. ఇరవై రోజులు పూర్తిగా దీపాల మీదే పెంచినా, యూనిట్ ఏడు రూపాయలనుకుంటే, మొక్కకు కరెంటు ఖర్చు సుమారు పావలా. తోటంతటికీ దీపాలు పెట్టుకోలేం గానీ, నారు దశలో వందల మొక్కలు ఒకే వెలుగును పంచుకుంటాయి.

నాయనకు ఫోన్ చేశాను. మన దగ్గర రాత్రి తొమ్మిది దాటింది.

"మనకు ఎండకేం తక్కువరా?" అన్నాడు. నిజమే. ఏడాదిలో చాలా రోజులు మనకు దీపం అక్కర్లేదు. కానీ ఎండు తెగులుకు తట్టుకోవాలని అడవి వంగ మీద టమోటా అంటు కడదామని ఆయనే రెండేళ్లుగా అంటున్నాడు. అంటు అతుక్కునే వారం రోజులూ మొక్కలు తేమ నిండిన మూసిన గదిలో ఉండాలి. అక్కడికి మన ఎండ రాదు. కొద్దిపాటి వెలుగు చాలు గానీ, అది అన్ని ట్రేలకూ సమంగా పడాలి.

నాయన కాసేపు మాట్లాడలేదు. "పాత ఎరువుల గది ఖాళీగానే ఉంది. పొద్దున్నే కొలుస్తా. ట్రేకీ దీపానికీ ఎంత ఎడమన్నావూ?"

"అడుగు, నాయనా."

"రాసిపెట్టుకుంటా, ఉండు."