బస్టాండు నుంచి లెనిన్ సెంటర్ దాకా, టేపు పట్టుకుని

బెజవాడ బస్టాండులో దిగి గవర్నర్‌పేట మీదుగా లెనిన్ సెంటర్‌కు నడిచాం, సాయంత్రం ఐదు దాటాక. ఫుట్‌పాత్ కొలవాలంటే ఆ వేళే సరైంది. పొద్దున్నే వెళ్తే కొట్లు తెరవరు, తోపుడు బండ్లు రావు, దారి ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపిస్తుంది.

కంట్రోల్ రూమ్ దగ్గర మొదటి పరీక్ష రోడ్డు దాటడం. సిగ్నల్ లెక్కల్లో మనిషి నడకను సెకనుకు 1.2 మీటర్లుగా పట్టుకుంటారు. 21 మీటర్ల రోడ్డుకు 18 సెకన్లు సరిపోతాయన్నమాట. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ 0.8 మీటర్లే నడిస్తే 26 సెకన్లకు పైనే కావాలి. అంత సమయం ఇవ్వలేనప్పుడు డివైడర్‌ను దాటేచోట రెండు మీటర్ల వెడల్పు చేస్తే ఆగి, రెండో సగం తర్వాత దాటుతుంది. అడుగున్నర డివైడర్ మీద నిలబడ్డవాళ్లకు ముందూ వెనకా బళ్లే. ఇక సిగ్నల్‌తో పనిలేకుండా ఎడమకు తిరిగే బళ్లుంటే, ఎన్ని జీబ్రా గీతలు వేసినా రంగు దండగ.

బందరు రోడ్డు వెంట ఫుట్‌పాత్ వెడల్పుకు పెద్ద లోటు లేదు. అది తెగిపోవడమే బాధ. అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు ఉండాలని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది; ఫుట్‌పాత్ అంచు గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. కానీ గేటు వచ్చినచోటల్లా కారు కోసం ఫుట్‌పాత్‌ను కోసేస్తారు. దిగు, ఎక్కు, మళ్లీ దిగు. నాలుగు గేట్లు దాటేసరికి జనం విసిగి రోడ్డు మీదికి దిగిపోతారు. ఫుట్‌పాత్‌ను అదే ఎత్తులో పోనిచ్చి కారునే ఎక్కి దిగమనాలి. చక్రాల కుర్చీ కోసం 150 మిల్లీమీటర్లు దింపాలంటే 1:12 వాలులో ర్యాంపు 1.8 మీటర్ల పొడవు రావాలి. రెండడుగుల్లో సిమెంటు పూసేసి ర్యాంపు అనడం మోసం.

ఒకచోట కాలువ మీది పలక నడిమికి పగిలి ఉంది. వంగి చూస్తే ఇనుప చువ్వ పైకి కనిపిస్తోంది. ఇలాంటి పలకలో చువ్వలు అడుగువైపు ఉండాలి, బరువు పడితే సాగేది ఆ వైపే కాబట్టి. పూడిక తీసేటప్పుడు పలకను లేపుతారు. ఎత్తే కొక్కెం తుప్పుపట్టి ఊడిపోయి ఉంటే ఏది పైదో తెలియక తిరగేసి పెడతారు. ఆ మీద ఒక బైకు ఎక్కితే చాలు. పోతపోసిన రోజే పైవైపు చెక్కి గుర్తు పెడితే తీరిపోయేదానికి కొత్త పలక, ఒక్కోసారి ఎవరిదో కాలు బలి.

బీసెంట్ రోడ్డులోకి తిరిగాక నడక మారిపోతుంది. జనం మధ్య ఏ బండీ జోరుగా పోలేదు, అదే రక్షణ. పురపాలక ఖజానాకూ ఇలాంటి వీధే బంగారం. పదడుగుల ముఖం ఉన్న కొట్లు వరసగా ఉంటే, వంద మీటర్ల కాలువ, పైపు, దీపాల ఖర్చును రెండు పక్కలా కలిపి అరవై పైచిలుకు కొట్లు పంచుకుంటాయి. ఊరి చివర ముప్పై అడుగుల ప్లాట్ల లేఅవుట్‌లో అదే వంద మీటర్లకు ఇరవై రెండు ఇళ్లు, అవీ అన్నీ కట్టి ఉంటే. రాష్ట్రంలో 2021 నుంచి ఆస్తి పన్ను మూలధన విలువ, అంటే ఆస్తి ధర మీద కాబట్టి ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పల్లపు నేలల్లో విస్తరిస్తే మరమ్మతు బిల్లు ఎలా వస్తుందో 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద సింగ్‌నగర్‌కు చూపించింది.

కొట్టు ముందు కారు ఆగాలని యజమానులు పట్టుబడతారు. ఒక కారు ఐదు మీటర్లు, అంటే కొట్టున్నర ముఖం మూసేస్తుంది. అందులోంచి దిగేది ఇద్దరో ముగ్గురో.

ఏలూరు రోడ్డెక్కి లెనిన్ సెంటర్ చేరాం. పాత పుస్తకాల కొట్ల దగ్గర నిలబడి చూసేవాళ్లకూ నడిచేవాళ్లకూ ఒకటే దారి. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం స్థానాలు వ్యాపారులవే. వాళ్లతో కూర్చుని గట్టు వైపు నాలుగున్నర అడుగులు సరుకుకు, లోపలివైపు ఆరడుగులు నడకకు అని గీత గీయాలి. మధ్యలో రెండడుగులు పుస్తకం తిరగేసేవాళ్లకు వదలాలి. అది వదలకపోతే కొనేవాడి వీపే నడిచేవాడికి అడ్డం. గీత సున్నంతో కాదు, వేరే రంగు పలకలతో వేయాలి. సున్నం ఒక్క వానకే పోతుంది.